లాన్ నిండా పొడుగు కాళ్ల దోమలు, ఇవేంటి?

పప్పన్నం: సియాటిల్ పక్కన బోథెల్‌కి వచ్చాక ఇది మాకు మొదటి సెప్టెంబరు. సాయంత్రమైతే చాలు, పెరట్లో లాన్‌లోంచి దోమల్లాంటివి లేస్తున్నాయి, కాకపోతే ఒక్కోటీ కాళ్లతో కలిపి అరచేయంత ఉంది. గోడ మీది వాటిని తీయబోతే కాలు ఊడి చేతిలోకొస్తోంది. ఇంట్లో చంటిది ఉంది, కుడతాయేమోనని మా ఆవిడకి ఒకటే టెన్షన్. మందు కొట్టించమంటారా?

వానచినుకు: కుట్టవండీ, రక్తం తాగే రకం కాదు. క్రేన్ ఫ్లై అంటారు. లాన్‌లోంచే, అదీ ఈ నెలలో వస్తున్నాయంటే చాలావరకు టిప్యులా పాలుడోసానే. ఐరోపా జాతి, 1960ల్లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, ఆ వెంటనే మన వాషింగ్టన్ రాష్ట్రంలో బయటపడింది. గడ్డి, తడి నేల, మరీ గడ్డకట్టని చలికాలం, అన్నీ ఇక్కడే దొరుకుతుంటే ఇంకెక్కడికి పోతుంది! గడ్డిలో వంగి చూడండి, నిలువుగా పొడుచుకొచ్చిన గోధుమరంగు ఖాళీ తొడుగులు కనిపిస్తాయి, అవి వదిలేసి వచ్చినవే.

పప్పన్నం: హమ్మయ్య. మరి గడ్డి సంగతి?

మట్టిచేతులు: గడ్డిని తినేది ఈ ఎగిరేవి కాదు, వీటి పిల్లలు. ఆడది లాన్‌లో గుడ్లు పెట్టేసి కొద్ది రోజులకే పోతుంది, సుమారు రెండు వారాలకి కాళ్లు లేని బూడిదరంగు పురుగులు వస్తాయి, లెదర్‌జాకెట్లంటారు, అవి వసంతం దాకా మట్టిలోనే ఉండి వేర్లూ మొదళ్లూ కొరుకుతాయి, రాత్రి కాస్త వెచ్చగా ఉంటే పైకొచ్చి ఆకులూ తింటాయి. ఇప్పుడు మందు కొట్టించడం డబ్బు దండగ. గుడ్లకీ పసి పురుగులకీ తడి లేకపోతే బతుకు లేదు, ముందు స్ప్రింక్లర్ కట్టేయండి. మార్చిలో గడ్డి పలచబడితే అడుగు ముక్క పారతో తిరగేసి లెక్కపెట్టండి, గట్టి లాన్ అయితే చదరపు అడుగుకి 25 దాకా ఉన్నా తట్టుకుంటుంది. పిట్టలు వచ్చి పొడుస్తుంటే మాత్రం తరమకండి, అవి వీటికోసమే వస్తాయి.

నోబాల్: ఇవి లార్డ్స్‌నే వదల్లేదు బ్రో. 1935లో లెదర్‌జాకెట్లు అక్కడి గడ్డి పాడుచేశాయి, ఆ ఏడే అదే గ్రౌండ్‌లో దక్షిణాఫ్రికా 157 పరుగులతో గెలిచింది, ఇంగ్లండ్‌లో వాళ్లకి మొదటి టెస్టు గెలుపు. లెగ్ స్పిన్నర్ బలాస్కస్‌కి 9 వికెట్లు!

పప్పన్నం: 😂 స్ప్రింక్లర్ ఆపేశా.

వానచినుకు: వసంతంలో కూడా లాన్‌లోంచి లేస్తే పాలుడోసాకి దగ్గరి జాతి టిప్యులా ఒలెరేసియా ఏమో చూడండి, దానికి ఏడాదికి రెండు తరాలు. ఆడదాని రెక్కలు పొట్ట దాటి ఉంటే అదే, పాలుడోసా ఆడదానికి రెక్కలు పొట్ట చివరిదాకా రావు.