అప్‌డేట్: హాంకాంగ్ సైట్‌లో ఎయిర్‌సాఫ్ట్ గన్ (ప్లాస్టిక్ గుండ్లు పేల్చే గన్) కొంటే మహబూబ్‌నగర్ దాకా వస్తుందా అని అడిగిన విషయం

ఆర్డర్ పెట్టలేదు అన్నా. మా బావమరిదికి తెలిసిన కస్టమ్స్ బ్రోకర్ ఒకాయన శంషాబాద్‌లో ఉంటే అడిగాను. స్ప్రింగు, గాలి, గ్యాస్‌తో పేలే తుపాకులన్నీ దిగుమతి పట్టికలో 9304 కింద పడతాయట, అది ‘రిస్ట్రిక్టెడ్’, అంటే డీజీఎఫ్‌టీ (కేంద్రంలో విదేశీ వాణిజ్యం చూసే ఆఫీసు) లైసెన్స్ కావాలి, మనలాంటోళ్లకు ఒక్క పీస్ కోసం అది అయ్యే పని కాదు. ప్లాస్టిక్ గుండ్లే కదా, బొమ్మ అని రాయిస్తే సరిపోదా అన్నాను, స్కానర్‌లో తుపాకీ ఆకారం కనబడగానే ఆపేస్తారు, పైగా తప్పుడు డిక్లరేషన్ కేసు కూడా తోడవుతుంది అన్నాడు.

‘గిఫ్ట్’ అని రాయమని ఇక్కడ ఇద్దరు ముగ్గురు చెప్పారు కదా, అది అసలే వద్దు. 2019 డిసెంబర్ నుంచి ప్రాణాధార మందులు, రాఖీలు తప్ప పూర్తి డ్యూటీ కట్టకుండా గిఫ్ట్ పార్సిళ్లకు అనుమతి లేదు.

ఇక్కడి షాపుల్లో లైసెన్స్ లేకుండా దొరికే ఎయిర్‌గన్ (గుండు సైజు 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌల్స్ లోపు) సంగతి వేరు, దాన్ని చూపించి బయటి నుంచి తెప్పించుకోలేం.

ఇప్పటికే పార్సిల్ ఆగినోళ్లు నోటీసుకు జవాబు మాత్రం ఇవ్వండి, జప్తు ఆర్డర్ వచ్చినా 60 రోజుల్లోపు అప్పీలుకు వెళ్లొచ్చు.