కీటన్‌ని ముంచింది ఎంజీఎం ఒప్పందమా, మందా?

మూకీ మోహన్:
మూకీల నాటి హాలీవుడ్ హాస్యనటుడు, దర్శకుడు బస్టర్ కీటన్ మాటెత్తితే చాలు, అందరూ ఒకటే చెబుతారు: 1928లో ఎంజీఎం స్టూడియోతో సంతకం పెట్టాడు, అక్కడితో అయిపోయాడు అని. ఆత్మకథలో ఆయనే దాన్ని తన జీవితంలోకెల్లా పెద్ద తప్పు అన్నాడు కాబట్టి ఇక వాదనే లేదన్నట్టు మాట్లాడతారు. ఆ సంతకానికి ముందు లెక్కలు ఎలా ఉన్నాయో మాత్రం ఎవరూ ఎత్తరు.

‘ది జనరల్’ (1926) ఖర్చు సుమారు ఏడున్నర లక్షల డాలర్లు. అమెరికాలో తిరిగొచ్చింది సుమారు 4,74,000. ఆరెగాన్‌లో కాటేజ్ గ్రోవ్ దగ్గర కాలుతున్న వంతెన మీంచి నిజం రైలింజన్ని నదిలో పడేసిన ఒక్క షాట్‌కే 42,000 అయిందంటారు. రెండో టేక్ అన్న మాటే లేదు. ఆ తర్వాత ‘కాలేజ్’ (1927), ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ (1928) కూడా ఆ గుంట పూడ్చలేదు. నిర్మాత జోసెఫ్ షెంక్ స్టూడియో మూసేశాడు. అలాంటప్పుడు వారానికి 3,000 డాలర్లు ఇస్తానన్న కంపెనీలో చేరడం తప్పెలా అవుతుంది? పైగా అక్కడ తీసిన టాకీలు డబ్బు తెచ్చాయి. 1933లో తీసేసింది సినిమాలు ఆడక కాదు, మనిషి తాగి షూటింగులకి రాకపోవడం వల్ల. నా లెక్కలో ముంచింది మందే. కాదనేవాళ్లు కారణాలు చెప్పండి, కన్నీళ్లు వద్దు.

గ్యాగుల గోపాలం:
మోహన్ గారూ, డబ్బు లెక్క చెప్పారు, పని లెక్క వదిలేశారు.

కీటన్ స్టూడియోలో రాసుకున్న స్క్రిప్టు ఉండేది కాదు. మొదలు, ముగింపు తేల్చుకునేవారు. మధ్యది దానంతటదే వస్తుందనేవాడాయన. గ్యాగులకి, అంటే నవ్వించే చేష్టలకి, క్లైడ్ బ్రక్‌మన్, జీన్ హావెజ్, జో మిచెల్. కెమెరాకి ఎల్జిన్ లెస్లీ. సెట్లు, యంత్రాలు, కూలిపోయే గోడలు, మునిగే పడవలు, అన్నిటికీ ఫ్రెడ్ గాబూరీ. గ్యాగ్ దగ్గర బండి ఆగితే షూటింగ్ ఆపేసి బేస్‌బాల్ ఆడేవారు, ఎవరికో ఒకరికి తట్టేదాకా.

అసలు కిటుకు ప్రివ్యూలో, అంటే విడుదలకి ముందు జనానికి వేసి చూసే ఆటలో, ఉంది. ‘ది నావిగేటర్’ (1924)లో సముద్రం అడుగున కీటన్ నక్షత్రచేపని పోలీసు బిళ్లలా తగిలించుకుని చేపల ట్రాఫిక్ నడిపే గ్యాగ్ తీశారు. దానికోసం రబ్బరు చేపలు గుట్టలుగా చేయించారు. ప్రివ్యూలో ఒక్కడూ నవ్వలేదు. ఎందుకంటే పైన పడవలో హీరోయిన్ ఆపదలో ఉంది, వీడు కింద చేపలతో ఆటలాడుతున్నాడు. జనానికి ఒళ్లు మండింది. ఎంత ఖర్చయినా సరే, కోసి పారేశాడు. ‘సెవెన్ ఛాన్సెస్’ (1925)లో దీనికి తిరగేసి జరిగింది. కొండ దిగుతుంటే కాలు తగిలి రెండు మూడు రాళ్లు దొర్లాయి, ప్రివ్యూలో అక్కడ నవ్వు పడింది. వెంటనే వెనక్కెళ్లి కాగితపు గుజ్జుతో, ప్లాస్టర్‌తో 1,500 దాకా బండలు చేయించి, ఆ పరుగంతా కొత్తగా తీశాడు. ఇప్పుడు ఆ సినిమా అంటే గుర్తొచ్చేది ఆ బండలే.

ఎంజీఎంలో ముందు కాగితం. కాగితం మీద సీను ఉంటేనే బడ్జెట్, బడ్జెట్ ఉంటేనే సెట్. అనుకోకుండా దొర్లిన రాయికి ఏ పద్దులో డబ్బు రాస్తారు? నిర్మాతగా పెట్టింది లారెన్స్ వైన్‌గార్టెన్‌ని, అంటే ఎంజీఎంలో సినిమా నిర్మాణం నడిపే ఇర్వింగ్ థాల్‌బర్గ్ చెల్లెలి భర్త. ‘స్పైట్ మ్యారేజ్’ (1929)లో తాగి పడిపోయిన పెళ్లాన్ని మంచం మీదకి చేర్చే సీను ఉంది చూడండి, ఒళ్లంతా సంచీలా వాలిపోతుంటే కుర్చీ అడ్డం పెట్టి, ఎత్తి, జారవిడిచి, మళ్లీ ఎత్తి. దాన్ని తీసేయమన్నాడు ఆ పెద్దమనిషి. కీటన్ పట్టుబట్టి ఉంచుకున్నాడు. సినిమాలో మిగిలింది అదొక్కటే.

భాను:
ఇంత దూరం ఎందుకండీ, టాకీలొచ్చాక గొంతు నప్పలేదు కదా? చాలామంది మూకీ హీరోలకి అదే జరిగింది.

సౌండ్ సత్యం:
భానూ, కీటన్ విషయంలో అది చెల్లదు. అయిదేళ్లు రాకముందే అమ్మానాన్నలతో కలిసి వేదికెక్కినవాడు, గొంతు అలవాటు లేనివాడు కాదు. బొంగురుగా, లోతుగా ఉండే కాన్సస్ రాష్ట్రపు గొంతు. ఆ ముఖానికి బాగానే నప్పుతుంది. ‘స్పైట్ మ్యారేజ్’ని టాకీగా తీద్దామని ఆయనే అడిగాడు, కంపెనీయే వద్దంది. తర్వాత విదేశీ మార్కెట్ కోసం తన సినిమాల స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ రూపాల్లో కూడా తనే నటించాడు, రాని భాషని శబ్దం పట్టి పలుకుతూ.

ఇబ్బంది గొంతులో కాదు, కెమెరాలో వచ్చింది. మూకీ కెమెరా చేత్తో తిప్పేది. సెకనుకి 16 ఫ్రేములు తిప్పాలా, 20 తిప్పాలా అన్నది సీనుని బట్టి. కాస్త నెమ్మదిగా తిప్పితే తెరమీద పరుగు చురుగ్గా ఉంటుంది, దెబ్బ గట్టిగా తగిలినట్టుంటుంది. ఈ విద్యలో లెస్లీని మించినవాడు లేడు. ‘ది ప్లేహౌస్’ (1921)లో ఒకే వరసలో తొమ్మిదిమంది కీటన్లు కనిపిస్తారు. లెన్సు ముందు తొమ్మిది రెక్కలున్న పెట్టె పెట్టి, ఒక్కో రెక్క తీసి ఒక్కో కీటన్‌ని తీసి, ఫిల్మ్‌ని వెనక్కి తిప్పి మళ్లీ మొదలు. తొమ్మిదిసార్లూ చెయ్యి ఒకే వేగంతో తిరగాలి. ఒక్కసారి తేడా వస్తే ఎనిమిదిమంది సరిగ్గా, ఒకడు గెంతుతూ కనిపిస్తాడు.

ధ్వని వచ్చాక మోటారు, 24 ఫ్రేములు ఖరారు. మోటారు రొద మైకులో పడకుండా కెమెరాని గదిలాంటి పెట్టెలో బంధించారు. కదలదు, పరుగెత్తేవాడి వెంట పోలేదు. మైకు ఎక్కడుంటే నటుడు అక్కడే నిలబడి మాట్లాడాలి. 1929, 30ల్లో అందరికీ ఇదే గతి. శరీరంతో నవ్వించేవాడికి మరీను. కానీ ఇది రెండు మూడేళ్ల బాధ. 1932 నాటికి కెమెరా మళ్లీ కదిలింది, కీటన్ సినిమాలు మాత్రం కదల్లేదు. కాబట్టి నేరం ధ్వనిది కూడా కాదు.

లెక్కల మాస్టారు:
ఫీట్లు చేయనివ్వలేదన్న ఫిర్యాదు కూడా వస్తుంది కదా, అందులో ఎంజీఎం పక్షం కొంత చెప్పాలి. ‘స్టీమ్‌బోట్ బిల్’లో ఇంటి ముఖభాగం మొత్తం కీటన్ మీద పడి, తెరిచిన కిటికీ సందు సరిగ్గా ఆయన చుట్టూ దిగే షాట్ తీసుకోండి. రెండు టన్నులంటారు, భుజాలకీ తలకీ మడమలకీ రెండేసి అంగుళాల సందు అంటారు.

దీని లెక్క చాలామంది పొరబడతారు. గోడ అడుగున బందు ఉంది, గోడ బందు మీద తిరుగుతూ పడుతుంది. అంటే గోడమీద ఏ బిందువు ఎంత ఎత్తున ఉందో, నేలమీద బందు నుంచి సరిగ్గా అంత దూరంలోనే పడుతుంది. ఉదాహరణకి మనిషి 6 మీటర్ల దూరంలో నిలబడితే, కిటికీ కింది అంచు 6 మీటర్లకి కాస్త తక్కువ ఎత్తులో ఉండాలి. పై అంచు ఎక్కడ? కీటన్ ఎత్తు 165 సెంటీమీటర్లు. బందు నుంచి తలకి ఉన్న ఏటవాలు దూరం, 6 వర్గం, 1.65 వర్గం కూడి వర్గమూలం తీస్తే, 6.22 మీటర్లు. అంటే మనిషి ఒంటి మందానికి తోడు 22 సెంటీమీటర్లు, కాస్త సందు ఉంటే చాలు. కిటికీ మనిషంత ఎత్తు ఉండనక్కర్లేదు. మడమలు పెట్టే గుర్తు తప్పకూడదు, అంతే.

అయితే గోడ మెలికపడితే ఈ లెక్కంతా గాలికి పోతుంది. తుపాను సీను కాబట్టి చుట్టూ విమానం ఇంజన్లతో గాలి తోలుతున్నారు. ముందూ వెనకా గాలి కనిపించాలి, పడే గోడకి మాత్రం తగలకూడదు. తగిలితే చట్రం వంగి కిటికీ పక్కకి జరుగుతుంది. గోడని అంత బరువుగా కట్టింది కూడా వంగకుండా ఉండటానికే. ఇది ఒక్కరోజులో పుట్టిన ధైర్యం కాదు. ‘వన్ వీక్’ (1920)లో తేలిక గోడతో ఇదే చేశారు, దానికి ముందు హాస్యనటుడు ఆర్బకిల్ తీసిన ‘బ్యాక్ స్టేజ్’ (1919)లో రంగస్థలం తెరతో.

ఇక కంపెనీ వైపు నుంచి చూడండి. ‘షెర్లాక్ జూనియర్’ (1924)లో రైల్వే నీళ్ల ట్యాంకు గొట్టం నుంచి ధార పడి, పట్టా మీద మెడ కొట్టుకుంది. ఎముక విరిగిందన్న సంగతి ఎన్నో ఏళ్ల తర్వాత ఎక్స్‌రేలో బయటపడింది. వారానికి 3,000 ఇచ్చే మనిషి మంచాన పడితే యూనిట్ అంతా ఖాళీగా కూర్చోవాలి. ఏ కంపెనీ ఒప్పుకుంటుంది?

రామలక్ష్మి:
మాస్టారూ, ఆ ప్రశ్నకి జవాబు ఉంది: కంపెనీ తనదే అయినవాడు ఒప్పుకుంటాడు. అసలు ముడి 1928లో లేదు, 1920లోనే ఉంది.

బస్టర్ కీటన్ ప్రొడక్షన్స్ అని పేరు ఆయనది, వాటాలు ఆయనవి కావు. ఆయనకి వారం జీతం, లాభంలో భాగం, అంతే. షెంక్ పెళ్లాడింది నటి నార్మా టాల్మడ్జ్‌ని, కీటన్ పెళ్లాడింది ఆమె చెల్లెలు నటాలీని, ఇద్దరూ తోడల్లుళ్లు. ఇంట్లో మనిషే కదా అని కాగితాలు చూసుకోలేదు. ఛాప్లిన్ 1919లోనే యునైటెడ్ ఆర్టిస్ట్స్ అనే సినిమా సంస్థలో భాగస్తుడు. ఇంకో మూకీ హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ 1923లో నిర్మాత హాల్ రోచ్ నుంచి విడిపోయి సొంత సంస్థ పెట్టి, సినిమాల హక్కులు చేతిలో పెట్టుకున్నాడు. ఎంజీఎంకి వెళ్లొద్దని కీటన్‌కి చెప్పింది ఆ ఇద్దరే, ఊరికే చెప్పలేదు.

1927లో లోయూస్ కంపెనీ, అంటే ఎంజీఎం తల్లి సంస్థ, పగ్గాలు నికొలస్ షెంక్ చేతికొచ్చాయి. జోసెఫ్‌కి స్వయానా తమ్ముడు. అన్న దుకాణం మూసి, సరుకుని తమ్ముడి దుకాణానికి పంపాడు. దీన్ని ఒప్పందం అనడం కన్నా బదిలీ అనడం నయం.

మూకీ మోహన్:
వాటా ఉంటే నిలబడేవాడంటారా? అయితే లాయిడ్‌ని చూద్దాం. హక్కులున్నాయి, డబ్బుంది, ఎంజీఎం పీడ లేదు. మొదటి టాకీ ‘వెల్కమ్ డేంజర్’ (1929) బ్రహ్మాండంగా ఆడింది, ఆ తర్వాత ఒక్కో సినిమాకీ జనం తగ్గారు. 1930ల చివరికి ఆయనా ఇంటికే. ఇక మరో మూకీ హాస్యనటుడు హ్యారీ లాంగ్‌డన్. 1927లో దర్శకుడు ఫ్రాంక్ కాప్రాని తీసేసి, స్వేచ్ఛగా తనే దర్శకత్వం చేసుకున్నాడు, ఏడాది తిరక్కుండా మునిగాడు. స్వేచ్ఛ ఉన్నవాళ్ల గతి ఇలా ఉంటే, కీటన్‌కి స్వేచ్ఛ లేకపోవడమే కారణమని ఎలా తేలుతుంది?

గ్యాగుల గోపాలం:
హాస్యజంట లారెల్ హార్డీని మరిచిపోయారు. హాల్ రోచ్ స్టూడియోలో తీసేవారు, పంపిణీ చాలాకాలం ఎంజీఎందే. అదే సింహం బొమ్మ, అదే టాకీల కాలం. వాళ్లకేమీ కాలేదు, ఎందుకంటే లారెల్ పనిలో ఎవరూ వేలు పెట్టలేదు. 1941లో ఫాక్స్ స్టూడియోకి వెళ్లారు, స్క్రిప్టు చేతికిచ్చి ఇదే చెప్పండన్నారు. అక్కడ తీసినవి ఒకసారి చూడండి, రెండోసారి నేను అడగను.

ఎంజీఎంలోనే దీనికి సాక్ష్యం ఉంది. మొదటి సినిమా ‘ది కెమెరామన్’ (1928)కి లెస్లీ, గాబూరీ ఇంకా పక్కనున్నారు. ఈత కొలను దగ్గర ఇరుకు గదిలో ఇద్దరు బట్టలు మార్చుకునే సీనులో రెండోవాడు నటుడే కాదు, యూనిట్ మేనేజర్ ఎడ్ బ్రోఫీ. అప్పటికప్పుడు అల్లుకుని తీసింది. ఒకడి చెయ్యి ఇంకొకడి చొక్కాలోకి పోతుంది, ఒకడి కాలు ఇంకొకడి భుజం మీద. ఒప్పందం అదే, కంపెనీ అదే, సినిమా మాత్రం పాత కీటన్‌దే. జట్టు చెదిరాకే సినిమాలు చెదిరాయి.

రామలక్ష్మి:
మోహన్ గారి మందు వాదానికి తేదీలు అడ్డొస్తాయి. పూర్తి టాకీ ‘ఫ్రీ అండ్ ఈజీ’ 1930ది. అందులోనే పాత్ర మారిపోయింది. మూకీల్లో కీటన్ చిక్కులో పడతాడు గానీ బుర్ర పెట్టి బయటపడతాడు: రైలు పట్టాల మీద దుంగ అడ్డుంటే ఇంకో దుంగ విసిరి ఎగరగొడతాడు. ‘ఫ్రీ అండ్ ఈజీ’లో ఎల్మర్ అనే వెర్రిబాగులవాడు, చివర ముఖానికి విదూషకుడి రంగు పూసి, అమ్మాయిని ఇంకో నటుడు రాబర్ట్ మాంట్‌గోమరీకి ఇచ్చేసి, జాలిపడమంటారు. విడాకులు 1932లో, తీసేయడం 1933లో. పాత్ర చెడింది ముందు, మీరు చెప్పే తాగుడు గొడవ తర్వాత. రోగం తర్వాత వచ్చిన మందు రోగానికి కారణం ఎలా అవుతుంది, క్షమించాలి, ఈ మందు వేరే.

ఇంకొకటి. 1930ల మధ్యలో ఆసుపత్రి పాలై, తాగుడు ఆపాడు. 1937లో అదే ఎంజీఎం వారానికి 100 డాలర్లకి గ్యాగులు రాసే పనిలో పెట్టుకుంది. మందే కారణమైతే, మానినవాడికి ఒక్క హీరో వేషమైనా ఇవ్వాలిగా?

మూకీ మోహన్:
నలభై దాటినవాడికా? 1937లో ఏ మూకీ హాస్యనటుడికి ఇచ్చారు చెప్పండి, లాయిడ్‌తో సహా.

సౌండ్ సత్యం:
ఇవ్వకపోయినా వాడుకున్నారు. ఎంజీఎం ‘ఇన్ ద గుడ్ ఓల్డ్ సమ్మర్‌టైమ్’ (1949) తీస్తుంటే ఖరీదైన వయొలిన్ విరగాలి, నమ్మేలా ఉండాలి, నవ్వూ రావాలి. కీటన్‌ని అడిగారు. ఎలా జారాలో, వాయిద్యం ఏ చేతిలో ఉండాలో, ఎక్కడ కూలబడాలో చేసి చూపించాడు. ఇది ఇంకెవరివల్లా కాదని దర్శకుడు రాబర్ట్ లెనర్డ్ ఆ వేషం ఆయనకే ఇచ్చాడు. అందులో నాయికా నాయకులు జూడీ గార్లండ్, వాన్ జాన్సన్ మొదటిసారి ఢీకొనే సీను అల్లికా ఆయనదే. పన్నెండేళ్లుగా ఆ మనిషి ఆ ఆవరణలోనే ఉన్నాడు.

భాను:
అన్నీ చూసే ఓపిక లేదు. ఒక్క సినిమా చూసి ఎవరిది నిజమో తేల్చుకోవాలంటే ఏది చూడాలి?

మూకీ మోహన్:
‘వాట్! నో బీర్?’ (1933). మద్యనిషేధం పోయిందనుకుని బీరు ఫ్యాక్టరీ కొనేవాళ్ల కథ. హాస్యనటుడు జిమ్మీ డ్యురాంటీ పక్కన కీటన్ నిలబడిన తీరు చూడండి, కళ్లు చూడండి. ఇక స్క్రిప్టుని ఎందుకు తిట్టాలి?

గ్యాగుల గోపాలం:
అది చివరిది కాబట్టి అలాగే ఉంటుంది. ‘ఫ్రీ అండ్ ఈజీ’ చూడు భానూ. మనిషి నిలకడగానే ఉన్నాడు, ఒళ్లు మాట వింటోంది, ఆటా పాటా కూడా బాగానే చేశాడు. గంటన్నరలో ఆయన స్వయంగా పుట్టించిన గ్యాగ్ ఎన్ని కనిపిస్తాయో చూసి, ఇక్కడికొచ్చి రాయి.