30 వారాలకే పుట్టిన పాపకు ఆక్సిజన్ ఎందుకు తగ్గిస్తున్నారు?

ప్రశ్న – ఒక తండ్రి, గుంటూరు

నమస్కారం. మా పాప 30వ వారంలో, 1,300 గ్రాముల బరువుతో, నాలుగు రోజుల క్రితం కొత్తపేటలోని ఒక ఆసుపత్రిలో పుట్టింది. పుట్టిన గంటలోపే మూలుగుతూ, ఊపిరి తీసిన ప్రతిసారీ డొక్కలు లోపలికి గుంజుకుపోతుంటే ముక్కుకు సీపాప్ (ఒత్తిడితో గాలి పంపే పరికరం) అమర్చి, సర్ఫాక్టెంట్ మందును సన్నని గొట్టంతో ఊపిరితిత్తుల్లోకి పంపారు. మూలుగు తగ్గింది. అయితే మానిటర్‌లో రక్తంలోని ఆక్సిజన్ శాతం చూపే అంకె 91, 92 దగ్గరే ఉంటున్నా నర్సమ్మగారు ఆక్సిజన్ పెంచకపోగా ఇంకా తగ్గిస్తున్నారు. వెంటిలేటర్ పెట్టించడానికి విజయవాడ సూర్యారావుపేటకు తీసుకువెళదామని మా బావగారు పట్టుబడుతున్నారు. 100 ఉండవలసిన చోట 91 ఉంటే ప్రమాదం కాదా?

జవాబు – పిల్లల వైద్యుడు, విజయవాడ

అయ్యా, ఆ అంకె 100కు చేరకూడదనే వారు తగ్గిస్తున్నారు. నెలలు నిండని బిడ్డకు బయటి నుంచి ఆక్సిజన్ ఇస్తున్నంతకాలం ఆ అంకె (శాచురేషన్) సాధారణంగా 90, 95 మధ్య ఉండేలా చూస్తాము. మరీ తగ్గితే ప్రాణానికి ముప్పు, మరీ ఎక్కువైతే రెటీనాలో (కంటి లోపలి పొరలో) రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి చూపు పోయే ముప్పు. 1940లలో, 50ల తొలినాళ్లలో ఇటువంటి పిల్లలకు ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చినందువల్ల వేలమంది చూపు కోల్పోయారు. గాలి మీద మాత్రమే ఉన్న బిడ్డకు 100 వచ్చినా భయం లేదు.

ఊపిరితిత్తుల్లోని గాలిగదులు ముడుచుకుపోకుండా కాపాడే జిడ్డు పదార్థం సర్ఫాక్టెంట్. అది 34, 35 వారాలకు గానీ చాలినంత తయారు కాదు కనుక, మీ పాపకు ప్రతి శ్వాసా కొత్త బుడగను మొదటిసారి ఊదినంత కష్టమైంది. మందు ఆ లోటు తీరుస్తుంది, సీపాప్ గాలి ఒత్తిడితో గదులను తెరిచి ఉంచుతుంది. వెంటిలేటర్ దీనికన్నా పై మెట్టు వైద్యమనుకోవడం పొరపాటు. గొంతులోని గొట్టం, యంత్రపు ఒత్తిడి ఆ లేత ఊపిరితిత్తులను గాయపరుస్తాయి కనుక, ఊపిరి పదేపదే ఆగిపోతున్నప్పుడో సీపాప్ చాలనప్పుడో మాత్రమే దాని అవసరం. కుదుటపడుతున్న బిడ్డను కారణం లేకుండా అంబులెన్సులో కదిలించకండి. ఇస్తున్న ఆక్సిజన్ ఎంత శాతమో రోజూ అడగండి. మామూలు గాలి 21 శాతం. అంకె అటువైపు దిగుతుంటే పాప కోలుకుంటున్నట్టే.

జవాబు – ఒక తల్లి, తెనాలి

మా బాబు 31 వారాలకు పుట్టాడు. బాక్సులో ఉన్నన్నాళ్లూ నేను చేయగలిగినవి రెండే: పాలు పిండి ఇవ్వడం, డాక్టరుగారు సరేనన్నాక రొమ్ముకు ఆనించి కంగారూ పద్ధతిలో పడుకోబెట్టుకోవడం. సీపాప్ ఉండగానే పెట్టుకోనిచ్చారు. నా గుండె మీద వాడి ఊపిరి నిదానంగా సాగడం నేను మరచిపోలేను. ఒక్క మాట, అన్నయ్యా: నెల లోపు కంటి పరీక్ష తప్పనిసరి. ఇంటికి వచ్చిన సంతోషంలో మేము దాదాపు మరచిపోయాము.

ప్రశ్నించిన తండ్రి

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం అడిగాను: మొదటిరోజు 40 శాతం, ఇప్పుడు 26. బావగారికి కూడా చూపించాను, ఇక ప్రయాణం మాట లేదు. కాన్పుకు ముందు మా ఆవిడకు నాలుగు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేయవలసి ఉండగా, నొప్పులు ముదిరి రెండే పడ్డాయి. అవి వృథాయేనా?

పిల్లల వైద్యుడు, విజయవాడ

వృథా కాదు. పన్నెండేసి గంటల తేడాతో నాలుగు డోసులూ పడితే మేలు ఎక్కువ, కానీ పడినవి కూడా బిడ్డ ఊపిరితిత్తులను సిద్ధం చేస్తాయి. కంటి పరీక్ష తేదీని ఈరోజే కేసు షీటులో రాయించుకోండి.