పొడపత్రి వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అనంతపురం అబ్బాయి:
నాన్నకు షుగర్ వచ్చి ఆరేళ్లయింది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నారు. మొన్న మా పెద్దమ్మ ఊరినుంచి పొడపత్రి తెచ్చి, రోజూ పరగడుపున నాలుగాకులు నమిలితే మాత్రలతో పనిలేదంది. ఆయనేమో రేపటినుంచే మాత్రలు మానేస్తానంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. వాడినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మెదక్ కోడలు:
మా పెరట్లో కంచెకు అల్లుకుని ఉంటుంది. ఆకు బాగా నమిలి చిటికెడు చక్కెర నోట్లో వేసుకుంటే అచ్చం ఇసుకే, బెల్లంతో కూడా చూశాను, తీపి అన్నదే తెలియదు. అరగంటో ముప్పావుగంటో అయ్యాక మళ్లీ రుచి వస్తుంది. మా అత్తయ్యకు సాయంత్రం టీలో బిస్కెట్లు ముంచుకుని తినే అలవాటు దీనివల్లే తగ్గింది. రక్తంలో షుగర్ ఆకువల్ల తగ్గిందా, బిస్కెట్లు మానినందుకు తగ్గిందా అంటే మాత్రం చెప్పలేను. మాత్రలు ఒక్కపూట కూడా మానలేదు.

మందులషాపు:
ఆ ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని గుర్తించేచోట అడ్డుపడతాయి, అందుకే అలా అనిపిస్తుంది. సంస్కృతంలో మధునాశిని, హిందీలో గుడ్‌మార్ అన్న పేర్లు అందుకే వచ్చాయి. షుగర్ కొంత తగ్గినట్టు చిన్న చిన్న అధ్యయనాల్లో కనిపించింది కానీ మాత్రలు మానేయడానికి అవి చాలవు. ఇన్సులిన్ వాడేవాళ్లు, ముఖ్యంగా టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని రకం) ఉన్న పిల్లలు, దీన్ని నమ్ముకుని ఇన్సులిన్ ఆపితే ప్రాణం మీదికొస్తుంది.

తెనాలి శీను:
మానకుండా రెండూ కలిపి వాడినా జాగ్రత్త కావాలండీ. మా అమ్మ గ్లిమిపిరైడ్ వేసుకుని, పైన ఈ ఆకు నమిలి, టిఫిన్ ఆలస్యం చేసింది. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, మాట తడబడుతోంది. మిషన్‌లో చూస్తే షుగర్ 54కు పడిపోయింది. గ్లూకోజ్ నీళ్లు కలిపి ఇస్తే "ఉత్త నీళ్లిచ్చావేంట్రా" అని గ్లాసు పక్కన పెట్టేసింది. నోటికి తీపి తెలిస్తే కదా! బతిమాలి తాగించాను, పావుగంటకు 90 దాటింది. తీపి తెలియకపోయినా లోపలికెళ్లిన గ్లూకోజ్ పనిచేస్తుంది, ఇంట్లో అందరికీ ఈ సంగతి చెప్పి పెట్టుకోండి.

అనంతపురం అబ్బాయి:
శీనుగారూ, ఇది నాన్నకు చదివి వినిపించాను. మాత్రలు మాననని ఒప్పుకున్నారు. ఆకు ప్రస్తుతానికి ఆపాం, సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి చూపించి అడుగుతాం. వచ్చే నెల కంటి ఆపరేషన్ కూడా ఉంది, దానికేమైనా ఇబ్బందా?

మందులషాపు:
ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందే ఆకు ఆపేయమంటారు. తిన్న సంగతి కంటి డాక్టరుకూ చెప్పండి, దాచొద్దు.