భారత ఫుట్‌బాల్ జట్టు మీద పేరడీ పాడొచ్చా?

పెన్నా ఒడ్డు: మొన్న కావలి దగ్గర తిరునాళ్లలో ఆర్కెస్ట్రా వాళ్లు మన ఫుట్‌బాల్ జట్టు మీద పేరడీ పాడారు. "ఎప్పుడూ గెలవని జట్టురా, బంతికే జాలి పుట్టెరా" అని పల్లవి. జనం పడీపడీ నవ్వారు. నాకు తప్పనిపించలేదు. మీరేమంటారు?

కందుకూరు మాస్టారు: "ఎప్పుడూ" అన్నది అబద్ధం. 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం మనదే. 1956 ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాద్ ఆయనే. తెలుగు స్టేజీ మీద ఆ మాట ఎట్టా పాడతారు?

పెన్నా ఒడ్డు: అది మా తాతల కాలం మాస్టారూ. 2024 ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడాం, ఒక్క గోలూ లేదు. 2025 అక్టోబర్‌లో సొంతగడ్డ మీద సింగపూర్ చేతిలో ఓడి, తర్వాతి కప్పుకు అర్హతే పోగొట్టుకున్నాం. ఇంగ్లండ్ వాళ్లు 1996లో తమ జట్టు పాటలోనే ముప్పై ఏళ్ల ఓటమి బాధను పెట్టుకున్నారు. స్టేడియమంతా పాడింది.

చీరాల బాబాయి: ఆర్కెస్ట్రాకు సినిమా పాటలు కరువయ్యాయా?

కందుకూరు మాస్టారు: "ఎప్పుడూ" గురించి జవాబు రాలేదు. ఇంగ్లండ్‌లో పాడినవాళ్లు టికెట్ కొని మ్యాచ్ చూసినవాళ్లు. తిరునాళ్లలో నవ్వినవాళ్లు ఒక్క మ్యాచ్ చూశారా?

పెన్నా ఒడ్డు: 2018లో అప్పటి మన జట్టు కెప్టెన్ సునీల్ ఛెత్రీయే వీడియోలో చెప్పాడు కదా, తిట్టండి, విమర్శించండి అని.

కందుకూరు మాస్టారు: స్టేడియానికి వచ్చి తిట్టండి అన్నాడు. సగం మాటే పట్టుకొచ్చావు.

పెన్నా ఒడ్డు: నేనేం బయటివాణ్ణి కాదు! నెల్లూరులో ఆరేళ్లు గోల్‌కీపర్‌గా ఆడినవాణ్ణి. మా గ్రౌండులో ఎగ్జిబిషన్ పెట్టి, గుంతలు తవ్వి వదిలేశారు. వాటిలో పడి నా మోకాలు పోయింది. నవ్వే హక్కు నాకు లేదా?

కందుకూరు మాస్టారు: ఉంది నాయనా. మరి ఆ గుంతలు తవ్వినవాళ్ల మీద ఒక్క చరణమైనా ఉందా ఆ పాటలో? మా మనవరాలు ఎనిమిదో తరగతి, స్కూల్లో ఫుట్‌బాల్ ఆడుతుంది. తిరునాళ్లయినప్పటి నుంచి తోటి పిల్లలు ఆమె కనిపిస్తే చాలు ఆ పల్లవి అందుకుంటున్నారు. బూట్లు అటక మీద పడేసింది. ఇక ముందు కూడా మనం గెలవలేమనే దానికి అర్థమైంది.

ఒంగోలు అక్క: పాపను గ్రౌండు మానిపించొద్దు మాస్టారూ.

పెన్నా ఒడ్డు: పాప సంగతి నాకు తెలియదు. బాధగా ఉంది. గుంతల మీద చరణం లేదు, నిజమే. కానీ గోలు ముందు బంతి వదిలేసేవాడి మీద పాడకూడదంటే మాత్రం ఒప్పుకోను.

కందుకూరు మాస్టారు: వాడి మీద పాడుకోండి. "ఎప్పుడూ" తీసెయ్యండి.