"కూపీ లాగేవాడు కూత పెట్టడు..." రెండో సగం ఎవరికైనా తెలుసా?

కృష్ణానగర్:
మూడు రోజుల్నుంచి ఒక మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతోంది. మా తాత నిజాం జమానాలో పోలీసు జవానుగా చేరి జమేదారుగా దిగిపోయారు. ఎవరైనా బడాయిలు కొడుతుంటే చుట్ట నోట్లోంచి తీసి "కూపీ లాగేవాడు కూత పెట్టడు" అని, వెంటనే ఇంకో ముక్క అనేవారు. ఆ ముక్క పోయింది. మా నాన్నకీ గుర్తులేదు, అత్తయ్యకీ గుర్తులేదు.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఒక ఫారిన్ సినిమాకి తెలుగు డబ్బింగ్ డైలాగులు రాస్తున్నా, పేరు చెప్పకూడదని ఒప్పందం. ప్రైవేట్ డిటెక్టివ్ హీరో, మహా దూకుడు మనిషి. తలుపు తీసే ఉన్నా అద్దం పగలగొట్టుకునే లోపలికొస్తాడు, ఒక్క దొంగ కోసం సగం ఊరి కార్లు తుక్కు చేస్తాడు, పట్టుకోకముందే పట్టేశానని అందరికీ చెప్పుకుంటాడు. అతన్ని చూసి ఒక ముసలి పోలీసాఫీసరు ఒకే ఒక్క వాక్యం అంటాడు. అక్కడ మా తాత మాట పెడితే అచ్చంగా అతుకుతుంది. ఫుల్ క్లోజప్. రెండో అక్షరం దగ్గర ఆయన పెదాలు గట్టిగా మూస్తాడు, కూపీలో "పీ" సరిగ్గా అక్కడే పడుతుంది. కానీ సౌండ్ చూసే అన్న, చార్మినార్ దగ్గర పుట్టిపెరిగినవాడు, "అది కూపీ కాదు భాయ్, కూఫీ" అన్నాడు. ఫ అయితే పైపళ్ళు కింది పెదవి మీద ఆనతాయి, అంత పెద్ద తెర మీద దొరికిపోతాం. కాబట్టి రెండో సగం ఏంటి, పీనా ఫీనా? నిఘంటువు ఫోటోలు వద్దు, నోట్లో ఎలా పలుకుతారో కావాలి.

యాకుత్‌పురా:
మీ సౌండ్ అన్న కరెక్టే చెప్పిండు. అసలు మాట ఉర్దూ ఖుఫియా, అంటే రహస్యం. ఖుఫియా పోలీస్ అంటే మఫ్టీల తిరిగేటోళ్ళు. నిజాం కాలంల ఠాణా కాగితాలన్నీ ఉర్దూలనే నడిచినయ్, పంచనామా, జమేదార్, అమీన్ అన్నీ అట్ల వచ్చినవే, ఇది మాత్రం ఎక్కడికెళ్ళి వస్తది? మీ తాత నోట్ల ఫ ఉండే ఉంటది. మీ చెవికి ప లెక్క వినిపించి ఉంటది.

మలక్‌పేట:
ఖుఫియా మూలం అని నేనూ చాలాకాలం అనుకున్నాను. కానీ ఆ "కూ" దీర్ఘం సంగతి చెప్పండి ముందు. ఫ ప అవడంలో వింత లేదు, సిఫారిష్ మన నోట్లో సిపార్సు అయింది, సాఫ్ సాపు అయింది, గిలాఫ్ ఇంకో అడుగేసి దిండు గలేబు అయి కూర్చుంది. ఖ క అవడం అంతకన్నా మామూలు, ఖబర్ కబురు కాలేదా? మరి హ్రస్వం దీర్ఘం ఎట్లా అయింది? దునియా దునియాగానే ఉంది, దూనీ కాలేదు. మున్షీ మూన్షీ కాలేదు. ఖుషీని ఎవరూ కూషీ అనరు. ఒక్క ఖుఫియాకే ఎందుకీ మర్యాద? అందుకే ఇది మన కూపమే అంటాను. కూపం అంటే బావి, కూపి అంటే చిన్న బావి, లోతులోంచి పైకి లాగడం. పకారం పుట్టుకతోనే ఉంది. తమ్ముడూ, నిశ్చింతగా పెదాలు మూయించు.

నల్లకుంట:
మాస్టారూ, బావిలోంచి నీళ్ళు ఎవరైనా లాగుతారా? తోడతారు, లేదా చేదతారు. అందుకే కదా చేద అన్నాం. మా అమ్మమ్మగారింట్లో గిలకబావి, నేను చేతులు కాయలు కాసేట్టు చేదినదాన్ని, ఒక్కరోజు కూడా నీళ్ళు లాగుకురా అని ఎవరూ అనలేదు. మనం లాగేది తీగ, తీగ లాగితే డొంక కదిలింది అంటామే అది. కూపీ పక్కన లాగడం తర్వాత తీగనుంచి వచ్చి చేరిందని నా అనుమానం, ఎందుకంటే కూపీ తీయడం అని కూడా వింటూనే ఉన్నాం.

ఇంక నా సంగతి. మా తాతగారు ఆయుర్వేద వైద్యులు. మాకు కూపీ అంటే సీసా. కాచకూపి అంటే గాజుసీసా. రససిందూరం, మకరధ్వజం లాంటివాటిని కూపీపక్వ రసాయనాలు అంటారు. సీసాకి బంకమట్టి పూసిన గుడ్డ ఏడు పొరలు చుట్టి, ఎండబెట్టి, ఇసుక నింపిన పాత్రలో గొంతు దాకా పాతి, గంటల తరబడి మంట పెడతారు. లోపల పాదరసం, గంధకం కలిసి ఆవిరై పైకి లేచి సీసా గొంతు దగ్గర ఎర్రగా గడ్డకడుతుంది. మూతిలోంచి అది రాదు. చల్లారాక మట్టి గీకేసి, కిరసనాయిల్లో తడిపిన దారం సీసాకి చుట్టి అంటించి, అది కాలగానే తడిగుడ్డ వేస్తే సీసా టప్ మని దారం వెంబడే రెండుగా విడిపోతుంది. అప్పుడు గొంతులో పేరుకున్నది తీసుకుంటారు. ఆ చప్పుడు నాకిప్పటికీ చెవిలో ఉంది. గొంతు దాకా వచ్చి బయటికి రానిదాన్ని, మంట పెట్టి, అదనుచూసి పగలగొట్టి తీయడం! కూపీ తీయడానికి ఇంతకన్నా దగ్గరి పోలిక నాకు దొరకలేదు.

యాకుత్‌పురా:
అక్కా, చెప్పింది మస్తుగున్నది, నాకైతే సీసా కండ్ల ముందు కనవడ్డది. కానీ పోలీసు మాట వైద్యుల కాడికెళ్ళి ఠాణాకి ఎట్ల పోతది? దీర్ఘం సంగతి మాస్టారు అడిగిండ్రు కదా, నా జవాబు ఖూనీ. అది పుట్టుకతోనే దీర్ఘం. ఠాణాల పొద్దుగూకులా ఖూనీ కేసు, ఖూనీ కేసు అని నాలుకకు అలవాటైనోళ్ళు పక్కనే ఉన్న ఖుఫియాని గుడ జరంత సాగదీసిండ్రు. ఖూనీ, కూఫీ. జోడు కుదిరింది.

మలక్‌పేట:
జోడు కుదిరిందన్నది ఊహ, రుజువు కాదు. ఒక్క ఉదాహరణ ఇవ్వండి, ఉర్దూ హ్రస్వ ఉకారం తెలుగులో దీర్ఘమైన మాట. ఒక్కటి చాలు.

చిక్కడపల్లి:
అందరూ కూపీ మీద పడ్డారు, పిల్లవాడడిగింది వాక్యం కదా. అసలు చిక్కు కూపీలో లేదు, కూతలో ఉంది. కూత అంటే మీరంతా కోడికూత, రైలు కూత, పిచ్చికూత అనుకుంటున్నారు. పోలీసు జవాన్లు సాయంత్రం లైన్‌లో ఏం ఆడేవాళ్ళు? చెడుగుడు. కూతకి వెళ్ళడం అంటే అవతలి గళ్ళోకి దూరడం. కూత ఆపావా, అవుట్. గీత అవతల ఉన్నంతసేపూ నేనిక్కడున్నా అని గొంతెత్తి చెప్పాల్సిందే, అది ఆట ధర్మం. వేగువాడు కూడా అవతలి గళ్ళోకే పోతాడు, కానీ కూత లేకుండా పోతాడు. మీ తాత చెప్పింది అదీ. బడాయి కొట్టొద్దని బుద్ధి చెప్పడం కాదు, ఆట తెలిసినవాడి మాట. అప్పుడు రెండో సగం తనంతట తనే పడుతుంది చూడండి: "కూత పెట్టేవాడు గీత దాటడు." కూత, గీత. ప్రాస కూడా ఉంది.

కృష్ణానగర్:
సార్, ఒళ్ళు జలదరించింది. చాలా దగ్గరగా ఉంది, కానీ అది కాదు. ఎందుకంటే మాట అయిపోయేసరికి తాత పెదాలు మూతపడేవి, మూసిన పెదాల మధ్యకే చుట్ట వెళ్ళిపోయేది, ఆ ఊపు నాకు బాగా గుర్తు. దాటడు అంటే నోరు తెరుచుకునే ఉంటుంది. చివరి మాట సున్నతోనో, మ తోనో ముగియాలి.

సైనిక్‌పురి:
పెదాలు కలవాలి, కలవకూడదు అని మీరు పడుతున్న అవస్థ చూస్తుంటే మరింగంటి సింగరాచార్యులు గుర్తొచ్చారు. గోలకొండ నవాబుల కాలంలో మన తెలంగాణ గడ్డ మీదే కూర్చుని పెదాలు కలవకుండా చదివే రామకథ రాశాడాయన, దశరథరాజనందన చరిత్ర. నిరోష్ఠ్యం. ప ఫ బ భ మ ఒక్కటీ లేకుండా! రామ అనే మాటే పనికిరాదు, పేరులోనే మ ఉంది కదా, అందుకే కావ్యం పేరు కూడా దశరథరాజనందన అయింది. అంత కట్టడిలో కథ నడిపాడు. డబ్బింగ్ రాసేవాళ్ళు ఆ పుస్తకాన్ని దిండు కింద పెట్టుకోవాలని నా నమ్మకం.

మలక్‌పేట:
చిత్రకవిత్వం చిత్రకవిత్వమే గానీ, వేగువాళ్ళ సంగతి వచ్చాక తిక్కన దగ్గరికి వెళ్ళకుండా ఎట్లా? విరాటపర్వం అంతా అపరాధ పరిశోధనే కదా. దుర్యోధనుడి వేగులు దేశదేశాలు తిరిగి పాండవుల జాడ లేదని చేతులెత్తేసి వస్తారు, కీచకుడు చచ్చాడన్న కబురు మాత్రం తెస్తారు. అప్పుడు భీష్ముడు ఉన్నచోటు నుంచి కదలకుండా, ధర్మరాజు ఉన్నచోట వానలు వేళకి కురుస్తాయి, ఆవులు పాలు సమృద్ధిగా ఇస్తాయి అంటూ గుర్తులు చెబుతాడు. మనిషిని వెతకడం మానేసి, మనిషి వల్ల జరిగేదాన్ని వెతకమంటున్నాడు! కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్ కూడా అంతకుమించి ఏం చేశాడు? ఇప్పటికీ వానలు పడకపోతే విరాటపర్వం చదివిస్తామంటే ఊరికేనా.

ఇక మీ సినిమా హీరో ఎవరో నాకు తెలిసిపోయింది. ఉత్తరకుమారుడు. ఆడవాళ్ళ మధ్య కూర్చుని సారథి ఉంటే చాలు కౌరవుల్ని చిత్తు చేస్తానన్నవాడు. పక్కన బృహన్నల నోరెత్తకుండా ఉన్నాడు. కూపీ, కూత రెండూ ఒకే రథం మీద ఉన్నాయి! ఆ తర్వాత ద్రోణుడు దూరం నుంచి చూసి ఆ బృహన్నల అర్జునుడేనని పోల్చుకుంటాడే, "సింగం బాకటితో గుహాంతరమునం జేట్పాటుమై నుండి", అది చదివితే నాకిప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

నల్లకుంట:
మాస్టారూ, చేట్పాటు కాదు, చేడ్పాటు.

మలక్‌పేట:
చేటు, పాటు, చేట్పాటు. నాకు పద్యం చెప్పిన గురువుగారు అట్లాగే చెప్పారు, నేను పిల్లలకి అట్లాగే చెప్పాను.

నల్లకుంట:
చేటు అంటే నాశనం కదండీ. ఆ సింహానికి నాశనమేం రాలేదు, ఆకలితో నీరసించి గుహలో పడి ఉంది, ఏనుగుల గుంపు కనపడగానే లేచి వస్తోంది. చేడ్పాటు అంటే ఆ నీరసం, ఒడలు చాలకపోవడం. అడవుల్లో పన్నెండేళ్ళు నలిగి, ఏడాది చీరకట్టులో దాక్కున్నవాడి అలసట అది. టకారం పెడితే ఆ అలసట పోతుంది.

సైనిక్‌పురి:
ఛందస్సుతో తేలదు, శార్దూలంలో రెండూ గురువే. యతి కూడా జకారం మీదే, ట అయినా డ అయినా దానికేం పట్టదు.

చిక్కడపల్లి:
నేను చేడ్పాటు వైపు. పలుకుబడిలో డ కొంచెం బరువుగా కిందికి దిగుతుంది, సింహం ఇంకా లేవలేదని వినిపిస్తుంది.

యాకుత్‌పురా:
మాస్టారూ, మీరు అడిగిన ఉదాహరణ ఇంకా యాద్ వస్తలేదు, కానీ ఇడిసిపెట్టను. మా గల్లీల ఎనభై దాటిన పెద్దాయన ఉన్నడు, ఆయన నౌకరీ అంతా పోలీసులనే. ఎల్లుండి జుమ్మా, నమాజ్ అయినంక ఇంటికి పోయి కూసుంటా. ఏం అడగకుండ మాటల్లో పెట్టి ఆయన నోట్లకెళ్ళి ఆ మాట రప్పిస్తా. పీనా ఫీనా, దీర్ఘమా కాదా, చెవిపెట్టి విని చెప్తా. తమ్మీ, రెండో ముక్క గుడ అడుగుతా.

కృష్ణానగర్:
అన్నా, చాలా థాంక్స్. రికార్డింగ్ రేపు పొద్దున తొమ్మిదింటికే ఉంది, ఇంక ఆగరు. కూపీ అనే పంపుతున్నా, ఆ ముసలాయన పెదాలు మూసిన చోట పీ కూర్చుంది, ఐదారుసార్లు వెనక్కి తిప్పి చూశా. రెండో సగం లేకుండా మొదటి సగమే పెట్టాను, తర్వాత ఆయన ఎలాగూ సిగార్ నోట్లో పెట్టుకుంటాడు. అచ్చం మా తాతలాగే. కానీ ఆ ముక్క దొరికితే మాత్రం చెప్పండి, సినిమా కోసం కాదు, మా ఇంట్లో కావాలి.

అక్కా, మీరు చెప్పాక పద్యం రెండు రకాలుగా పైకి చదివి చూశాను. నాకు చేడ్పాటే వినిపిస్తోంది.

మలక్‌పేట:
తమ్ముడూ, పద్యం అట్లా సగంలో ఆపి చూడకూడదు. "వీడె వచ్చెం గుంతీసుత మధ్యముండు" దాకా ఒక్క ఊపిరిలో చదివి, అప్పుడు చెప్పు.