నాన్నకి సీఎంఎల్ అన్నారు, ఎన్నో స్టేజో మాత్రం ఎవరూ చెప్పట్లేదు

గోదావరి_గట్టు:
నాన్నకి 58 ఏళ్లు. కొంతకాలంగా నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయింది అనేవారు, ఎడమవైపు డొక్క కింద బరువుగా ఉందనేవారు. రక్తపరీక్షలో తెల్లకణాలు 1,80,000 వచ్చాయి. తర్వాత ఎముక మజ్జ పరీక్ష, బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ అనే జన్యు పరీక్ష చేసి, క్రానిక్ మైలాయిడ్ లుకేమియా (సీఎంఎల్, ఒక రకం రక్త క్యాన్సర్), క్రానిక్ ఫేజ్ అని రాసి ఇమాటినిబ్ 400 రోజుకొకటి వేసుకోమన్నారు. పీసీఆర్ 72% అని ఉంది. చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న, ఎన్నో స్టేజ్ అని. రిపోర్టంతా వెతికినా ఆ మాటే లేదు. మా దగ్గర దాస్తున్నారా? 72% అంటే ఒంట్లో అంత పాకిపోయినట్టా? కీమో లేకుండా ఒక్క మాత్రతో సరిపెడుతున్నారేంటని అమ్మ ఒకటే ఏడుపు.

మజ్జ_ల్యాబ్:
దాచడం ఏమీ లేదండి, ఈ జబ్బుకి ఒకటి నుంచి నాలుగు దాకా స్టేజులు వేయరు. రొమ్ములోనో పేగులోనో గడ్డ వస్తే దాని సైజెంత, లింఫ్ గ్రంథుల్లోకి వెళ్లిందా, కాలేయానికో ఊపిరితిత్తులకో పాకిందా అని చూసి స్టేజ్ చెప్తారు. రక్తం మొదటి రోజు నుంచే ఒళ్లంతా తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఇక్కడ ఆ లెక్క కుదరదు. దీనికి ఫేజులు చూస్తారు. క్రానిక్ ఫేజ్ అంటే కణాలు ఎక్కువయ్యాయి గానీ ఇంకా ఎదిగి పనిచేస్తూనే ఉన్నాయి. రక్తంలో గానీ మజ్జలో గానీ ఎదగని బ్లాస్ట్ కణాలు 20% దాటితే దాన్ని బ్లాస్ట్ ఫేజ్ అంటారు, భయపడాల్సింది దానికి. మీ నాన్నగారిది మొదటిది, ఈ జబ్బు బయటపడినవాళ్లలో ఎక్కువమందిది అదే.

ఒక్క మాత్ర ఎందుకంటే, 9వ క్రోమోజోమ్ ముక్క, 22వ క్రోమోజోమ్ ముక్క తారుమారై అతుక్కోవడం వల్ల బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు పుడుతుంది. పొట్టిగా మిగిలిపోయిన ఆ 22వ క్రోమోజోమ్‌ని 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో కనిపెట్టారు, అందుకే ఆ ఊరి పేరే ఉండిపోయింది. ఆ జన్యువు చేసే ప్రొటీన్ కణాలకి ఆగకుండా పెరగమని చెప్తూనే ఉంటుంది, ఇమాటినిబ్ సరిగ్గా దాని పనినే ఆపుతుంది. 2001లో అమెరికాలో అనుమతి వచ్చాక ఈ జబ్బు కథే మారిపోయింది. క్రానిక్ ఫేజ్‌లో మందుకి బాగా లొంగినవాళ్లు ఇప్పుడు మిగతావాళ్లతో దాదాపు సమానంగా బతుకుతున్నారు, అమ్మగారికి ఈ మాట చెప్పండి.

ఇక 72% అనేది ఒంట్లో జబ్బు ఎంత శాతం అన్నది కాదు. శాంపిల్‌లో ఆ జన్యువు జాడని ఇంకో మామూలు జన్యువుతో పోల్చిన నిష్పత్తి అది. మొదట్లో 50 వచ్చినా 90 వచ్చినా పెద్దగా పట్టించుకోం. అది ఎలా దిగుతుందన్నదే ముఖ్యం: మూడు నెలలకి 10 లేదా అంతకన్నా తక్కువ, ఆరు నెలలకి 1, ఏడాదికి 0.1. రిపోర్ట్ మీద ఐఎస్ అని, అంటే అంతర్జాతీయ స్కేల్ అని ఉందో లేదో చూసుకోండి, ప్రతిసారీ అదే ల్యాబ్‌లో చేయించండి. ల్యాబ్ మారితే అంకె పెరిగిందో, కొలిచే పద్ధతే మారిందో తెలియక అనవసరంగా టెన్షన్ పడతారు.

బెజవాడ_అక్క:
తమ్ముడూ, నేను 2011 నుంచి ఇదే మాత్ర మీద ఉన్నాను. కడుపు నిండా అన్నం తిన్నాక పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోమను, ఖాళీ కడుపుతో వేస్తే వికారం పెట్టేస్తుంది. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బుతుంది, రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తాయి, ఇవి చాలామందికి ఉండేవే. జ్వరం, రక్తస్రావం, ఆయాసం అయితే మాత్రం ఆగకుండా డాక్టర్‌కి చెప్పాలి. అన్నిటికంటే పెద్ద ప్రమాదం బాగున్నాం కదా అని మానేయడం. తెల్లకణాలు మామూలుకి రాగానే ఒంట్లో బరువు పోతుంది, ఆకలేస్తుంది, అక్కడే చాలామంది తగ్గిపోయిందనుకుంటారు. పీసీఆర్‌లో మాత్రం అది ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. మీ ఇంట్లో ఆ స్ట్రిప్ బాధ్యత ఒకళ్లు తీసుకోండి.

డబ్బు గురించి అడగలేదు గానీ చెప్తున్నా, కంపెనీ మందు నెలకి లక్ష పైన ఉండే రోజుల్లో మనకి జెనెరిక్, అంటే వేరే కంపెనీలు చవగ్గా చేసే అదే మందు, దొరికింది, అది తయారుచేసిన వాళ్లలో మన హైదరాబాద్ నాట్కో కూడా ఉంది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ ఖరీదైన మందు కంపెనీ నోవార్టిస్‌కి పేటెంట్ ఇవ్వకుండా కొట్టేసింది కాబట్టే ఇవాళ మనలాంటివాళ్లు జీవితాంతం ఈ మాత్ర కొనుక్కోగలుగుతున్నారు. ఆ తీర్పంటే నాకు ఎంత గౌరవమో మాటల్లో చెప్పలేను.

నల్లమల_శీను:
జీవితాంతం అన్నారు కదా అక్కా, కొందరికి ఆపేస్తున్నారని విన్నాను, నిజమేనా?

మజ్జ_ల్యాబ్:
నిజమే. కొన్నేళ్లు మందు వాడి, అంకె 0.01 కంటే కిందే కనీసం రెండేళ్లు నిలిచినవాళ్లకి, డాక్టర్ చూస్తూ ఆపుతారు. అటూ ఇటుగా సగం మందికి మళ్లీ వస్తుంది, వచ్చేది కూడా ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే, అందుకే అప్పుడు నెలనెలా పీసీఆర్ చేయాలి. మళ్లీ మొదలుపెడితే దాదాపు అందరికీ తగ్గుతుంది. కానీ సొంతంగా ఆపడం వేరే సంగతి. అలాగే అంకె దిగకుండా మొరాయిస్తే ముందు మాత్రలు సరిగ్గా వేస్తున్నారా అని అడుగుతాం, ఆ తర్వాత మ్యుటేషన్ పరీక్ష, అంటే ఆ జన్యువులో మళ్లీ ఏమైనా మార్పు వచ్చిందా అని చూడటం. దాన్నిబట్టి డాసటినిబ్, నిలోటినిబ్ లాంటి వేరే మందులు ఉన్నాయి. టీ315ఐ అనే మ్యుటేషన్ వస్తే అవి రెండూ పనిచేయవు, పొనాటినిబ్ లాంటిది కావాలి.

గోదావరి_గట్టు:
రిపోర్ట్ మీద ఐఎస్ అని ఉందండి. మీరు రాసిందంతా అమ్మకి చదివి వినిపించాను, ఇప్పుడు కాస్త కుదుటపడింది. ఒక్కటే డౌట్, నాన్న బీపీ, షుగర్ మాత్రలు కూడా వాడతారు, ఫర్వాలేదా?

మజ్జ_ల్యాబ్:
ఆ స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి. కొన్ని మందులు ఇమాటినిబ్ మోతాదుని రక్తంలో పెంచేస్తాయి, టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ లాంటివి తగ్గించేస్తాయి. ఎవరైనా చూర్ణమో కషాయమో ఇస్తే అదీ అడక్కుండా మొదలుపెట్టొద్దు.